విచారణ గురువు మీద అర్జీ

స్మారకోపన్యాస పాఠం

తెలుగు కథోలికులు తమ గుడి పరిధిని ‘విచారణ’ అంటారు. దాన్ని చూసుకునే ఫాదర్ ‘విచారణ గురువు’. పోలీసు స్టేషన్లో, కోర్టులో విచారణ అంటే ఆరా తీయడం. గుడి వాడుకలో మాత్రం యోగక్షేమం కనుక్కోవడం, మంచిచెడులు చూసుకోవడం అనే పాత అర్థమే నిలిచింది. మంద బాగోగులు కాపరి విచారిస్తాడు, సరే. ఆ కాపరి పని తీరు మంద విచారించవచ్చా అంటే, చాలామంది విశ్వాసుల లెక్కలో అది పాపానికి ఒక మెట్టు కింద ఉండే పని. కథోలిక శ్రీసభ సొంత చట్టం మాత్రం అలా అనడం లేదు. చట్టం ఇచ్చిన నోరు చిత్తూరు సీమలో విశ్వాసి దాకా ఎందుకు రాలేదన్నదే ఇక్కడి విషయం.

పాత చిత్తూరు జిల్లా అంతా, కడప జిల్లాతో కలిసి, కడప బిషప్ పరిధి అయిన కడప మేత్రాసనం కింద ఉంది. మద్రాసు నుంచి 1928లో నెల్లూరు మేత్రాసనం వేరుపడింది. నెల్లూరు నుంచి 1976 అక్టోబరులో కడప వేరుపడింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలాక తిరుపతివాళ్లకు కలెక్టరాఫీసు ఊళ్లోకే వచ్చింది గాని బిషప్ హౌస్ కడపలోనే ఉంది. కుప్పం నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఫాదర్ మీద ఒక మాట చెప్పుకోవాలంటే కూలీనాలీ చేసుకునే కుటుంబానికి రెండు రోజుల పని పోతుంది, బస్సు ఛార్జీలు అదనం.

ఈ సీమలో కథోలిక మతం మొదలైన చోటే ఫిర్యాదూ మొదలైంది. ఫ్రెంచి జెస్విట్ గురువులు పుదుచ్చేరి నుంచి ఉత్తరానికి కదిలి, 18వ శతాబ్దం మొదట్లోనే పుంగనూరులో అడుగుపెట్టారు. ‘కర్నాటక మిషన్’ అని పేరుపడ్డ ఆ ప్రయత్నానికి పియేర్ మొదువి వంటివారు ఆద్యులు. వారు కాషాయం కట్టారు, మాంసం మానారు, సన్యాసుల్లా బతికారు. పై కులాలవాళ్లు గుమ్మంలోకి రానివ్వాలంటే అది తప్పదనుకున్నారు. దాని రెండో ముఖం పల్లెలోనూ వాడలోనూ కనిపించింది. సన్యాసి వేషంలో ఉన్న గురువు మాలపల్లెలోని రోగి ఇంట్లోకి వెళ్లడు. చావుబతుకుల్లో ఉన్నవాణ్ని ఇంటి బయటికి మోసుకొస్తే అక్కడ అభ్యంగనం ఇస్తాడు.

ఈ వ్యవహారం రోమాకు చేరింది. పోప్ ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తూర్నోన్ 1704 జూన్‌లో ఒక శాసనం చేశాడు. తక్కువ కులమని చెప్పి రోగి ఇంటికి వెళ్లడం మానరాదని అందులో ఒక అంశం. ‘మలబారు ఆచారాల వివాదం’గా చరిత్రకెక్కిన ఆ తగాదా 1744లో 14వ బెనెడిక్ట్ పోప్ చివరి మాట చెప్పేదాకా నలభై ఏళ్లు నలిగింది. చివరికి కుదిరిన సర్దుబాటు ఏమిటంటే, ఆ కులాలకు వేరే గురువులను పెట్టడం! గడప దాటమని శాసనం చెబితే, గడపకొక గురువును చూపించారు.

ఇందులో గమనించదగింది ఇంకొకటి. మాలపల్లె రోగి తరఫున ఫిర్యాదు మోసుకెళ్లింది ఆ రోగి కాదు, అతని చుట్టాలూ కాదు. జెస్విట్లతో పోటీపడుతున్న కపూచిన్ సభ గురువులు. వారి పేచీ వారికుంది. ఆ పేచీకి ఈ బాధ ఆయుధమైంది. విశ్వాసి గోడు, వేరే తగాదా ఉన్నవాడి భుజం ఎక్కితే తప్ప పైకి చేరకపోవడం అప్పటి నుంచీ ఉన్న వరసే.

1773లో పోప్ జెస్విట్ సభనే రద్దు చేశాక తెలుగు నేల మీద గురువులు కరువయ్యారు. ఆ కరువు కాలంలో గుళ్లను నిలబెట్టింది ఉపదేశులు. జపాలు నేర్పడం, చావుబతుకుల వేళ బిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వడం, పెళ్లిళ్ల సంగతి గుర్తుపెట్టుకుని ఫాదర్ వచ్చినప్పుడు చెప్పడం, శవాన్ని సాగనంపడం, అన్నీ వారి పనులే. తర్వాత గురువులు పెరిగినా ఉపదేశి నడిమి మనిషిగా మిగిలాడు. ఫాదర్ మాట ఊరికి, ఊరి మాట ఫాదర్‌కు చేరేది అతని నోటి మీదుగానే. జీతం మాత్రం ఫాదర్ చేతిలో ఉండేది, అది కూడా చాలీచాలని జీతం. కాబట్టి ఊరి కోపం అతని దగ్గరికొచ్చేసరికి మెత్తబడేది, కొన్నిసార్లు అక్కడే ఆగేది. పేరు ఏ శిలాఫలకం మీదా లేని ఉపదేశులను తలుచుకునే సందర్భంలో ఈ సంగతి దాచడం మర్యాద కాదు. తమ ఊరి కష్టం వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాన్ని పైకి చెప్పలేని స్థితి కూడా వారిదే.

విచారణల్లో అసంతృప్తి మతసిద్ధాంతాల మీద రాదు. దైవపుత్రుని స్వభావం గురించి ఫాదర్‌తో తగవు పెట్టుకున్న పల్లె ఎక్కడా లేదు. ఉపవిచారణకు, అంటే విచారణ కింది పల్లె గుడికి, నెలకొక్క పూజ అని చెప్పి, ఆ ఒక్కటీ రాకపోతే వస్తుంది. ప్రసంగంలో పేరు చెప్పకుండా ఒకరిని ఎత్తిపొడిస్తే, గుడిలో అందరూ ఆ మనిషి వైపు తిరిగి చూస్తే వస్తుంది. మంచాన పడ్డ ముసలమ్మకు దివ్యసత్ప్రసాదం తేకపోతే, కాన్వెంటు బడిలో సీటు దగ్గర, సమాధుల దొడ్డిలో చోటు దగ్గర వస్తుంది. తమిళం మాట్లాడే ఇళ్లూ తెలుగు ఇళ్లూ కలిసిన సరిహద్దు ఊళ్లలో ఏ భాషలో పూజ అన్నది కూడా చిన్న విషయం కాదు. అన్నిటికంటే ఎక్కువగా డబ్బు దగ్గర వస్తుంది.

సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు పండుగను తీసుకుంటే ఇది తేటగా కనిపిస్తుంది. పండుగకు పది రోజుల ముందు జెండా ఎక్కుతుంది. గుడి ముందు పలక మీద చందా ఇచ్చినవారి పేర్లు, ఎదురుగా అంకెలు. బెంగళూరులో పని చేసే పిల్లవాడు పంపిన అయిదు వేలు పైన, ఇడ్లీ అంగడి ఆమె ఇచ్చిన వంద కింద. తేరుకు పూలు, మైకుసెట్టు, జనరేటరు, అన్నదానానికి బియ్యం. మాతకు కట్టిన చీరలకు వేలం. పండుగ అయిపోతుంది, జెండా దిగుతుంది, పలక మీది సున్నం అక్షరాలు వానకు కరుగుతాయి. వచ్చింది ఊరంతా చదివింది. పోయింది ఎంతో, మిగిలింది ఎంతో రాసిన రెండో పలక రాదు. ఫాదర్ పైసా ముట్టి ఉండకపోవచ్చు, పైగా తన జేబులోంచి పెట్టి ఉండవచ్చు కూడా. అయినా లెక్క చెప్పని చోట అనుమానం దానంతటదే మొలుస్తుంది.

ఈ లెక్క అడగడం ధిక్కారమని అనుకునేవారు 1983 నాటి శ్రీసభ చట్టస్మృతిని చూడాలి. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు వారికే లెక్క చెప్పాలని 1287వ సూత్రం. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలని 537. తమ అవసరాలను, కోరికలను కాపరులకు చెప్పుకునే స్వేచ్ఛ విశ్వాసులకుందనీ, వారి తెలివికీ అనుభవానికీ తగ్గట్టు అభిప్రాయం చెప్పడం హక్కే కాదు, ఒక్కోసారి బాధ్యత కూడా అనీ 212. పేదరికం వల్ల ఎవరికీ సంస్కారాలు అందకుండా పోకూడదని 848. విచారణ గురువు ఇళ్లకు వెళ్లి కుటుంబాలను తెలుసుకోవాలని, రోగులను, చావుకు దగ్గరైనవారిని ఆదరించాలని 529. పల్లెలో ముసలమ్మ అడిగేది దయ కాదు, చట్టంలో రాసి ఉన్న పని. 1964లో రెండో వాటికన్ మహాసభ శ్రీసభ మీద వెలువరించిన పత్రమే 212వ సూత్రానికి పునాది.

చిక్కు ఎక్కడుందంటే, చెప్పే హక్కు ఇచ్చిన చట్టం వినేవాడి మీద పెట్టిన బరువు తక్కువ. విచారణ సలహా మండలి గురించి 536వ సూత్రం చదివితే సంగతి తెలుస్తుంది. మండలి ఉండాలా వద్దా అన్నది బిషప్ ఇష్టం. దానికి అధ్యక్షుడు విచారణ గురువే. దాని మాటకు సలహా విలువే గాని తీర్మానం విలువ లేదు. సభ్యులను ఎవరు ఎంచాలో పై నుంచి కచ్చితమైన పద్ధతి లేనప్పుడు, ‘మనవాళ్లు’ నలుగురు కుర్చీల్లోకి వస్తారు. ఎవరి మీద ఫిర్యాదో ఆయన అధ్యక్షతనే ఆ ఫిర్యాదు చర్చకు రావాలి. ఇలాంటి మండలిలో మాట్లాడేవాడికి ధైర్యం ఉంటే చాలదు, బతుకుదెరువు కూడా గుడితో సంబంధం లేనిదై ఉండాలి.

పక్క గుళ్ల పద్ధతి ఈ సీమవాళ్లకు కళ్లెదుటే ఉంది. 1853లో ఏర్పడ్డ అమెరికన్ ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో పెంచిన ప్రొటెస్టెంటు సంఘాలు ఈనాడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో ఉన్నాయి. అక్కడ గుడి పాలకవర్గానికి ఎన్నికలు జరుగుతాయి. పాస్టరుతో పొసగకపోతే ఓటు రూపంలో చెప్పవచ్చు. ఆ ఎన్నికలు కోర్టుల దాకా పోవడం, ఏళ్లకేళ్లు నడవడం కూడా అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని స్వర్గమని ఎవరూ అనరు. తిరుమల సంగతి ఇంకో దారి. 1843లో కుంపిణీ ప్రభుత్వం ఆలయ పాలనను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. వారి పాలన మీద దశాబ్దాల పాటు ఫిర్యాదులూ వ్యాజ్యాలూ నడిచాక 1932లో ప్రత్యేక చట్టం వచ్చి పాలన కమిటీ చేతికి పోయింది. దేవుడి సొమ్ముకు మనిషి లెక్క చెప్పాలన్న వాదన చిత్తూరు జిల్లాకు పరాయిది కాదు. ఈ నేల మీద దానికి ఒక చట్టమే పుట్టింది. చర్చి ఆస్తులకు అలాంటి చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. కేరళలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కమిషన్ 2009లో ఒక ముసాయిదా రాసిచ్చింది, అది చట్టం కాలేదు.

అందుకే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి ఫాదర్ మీద కాగితం పట్టుకెళ్లిన గుంపు ఉత్త చేతులతో తిరిగొస్తుంది. గుడిలో పూజలు జరగడం లేదన్నది రెవెన్యూ శాఖ తీర్చే సమస్య కాదు. దొంగతనం, దెబ్బలు, లైంగిక వేధింపు, ఫోర్జరీ అయితే మాత్రం అది గుడి విషయం కాదు, నేరం. నేరుగా పోలీసు స్టేషనుకు పోవాల్సిందే. బిషప్ అనుమతి అక్కర్లేదు. ఈ తేడా తెలియక విశ్వాసులు రెండు వైపులా నష్టపోతున్నారు: కసురుకున్న ఫాదర్ మీద పోలీసుల దగ్గరికి పరుగెత్తుతారు, నేరం చేసినవాడి సంగతి బిషప్‌కు విన్నవించి ఊరుకుంటారు.

నోరు మెదపకపోవడానికి భయభక్తులే కారణమనడం సగం నిజం. మిగతా సగం రిజిస్టర్లలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న దళితులకు బి.సి.-సి కింద దక్కేది ఒక్క శాతం. కాబట్టి ఆదివారం గుడిలో ఉండి, కాగితం మీద హిందువుగా ఉండే కుటుంబాలు కొల్లలు. ఆ కుటుంబాల జ్ఞానస్నానాల, పెళ్లిళ్ల పుస్తకం ఎవరి బీరువాలో ఉంది? విచారణ గురువు బీరువాలో. ఆయన దాన్ని ఎన్నడూ బయటపెట్టకపోవచ్చు, ఆ తలంపే లేకపోవచ్చు. కొడుక్కి ఉద్యోగం వచ్చిన తండ్రి మాత్రం ఆ బీరువాను మరిచిపోడు. 

భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరు 13న దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. దేశంలోని కోటీ 90 లక్షల కథోలికుల్లో కోటీ 20 లక్షలు దళితులని, నాయకత్వంలో వారు బహు కొద్దిమందని అందులోనే ఒప్పుకుంది. కడప మేత్రాసనంలో గురువుగా పనిచేసిన పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ కావడం, ఆ పదవికెక్కిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు కావడం పెద్ద మార్పే. అయితే ఎర్రటోపీ కింద ఎవరి తల ఉందన్నదానికీ, పల్లెలో అర్జీకి జవాబు వస్తుందా రాదా అన్నదానికీ ముడి లేదు.

విశ్వాసి మాట ఎప్పుడూ న్యాయమే అనుకోవడం కూడా పొరపాటు. తిరునెల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళం గుడి దానికి సాక్ష్యం. ఒకే బలిపీఠం, దాని నుంచి ప్యాంటు కాళ్లలా విడిపోయే రెండు కొట్టాలు: ఒకటి పిళ్లై, ముదలి కులాలకు, ఇంకొకటి మిగతావారికి. నడుమ అడ్డుగోడ. 1910లో ఫ్రెంచి గురువు కోసనెల్ ఆ గోడ పడగొట్టించాడు. పై కులాలవాళ్లు మండిపడ్డారు. తమ గుడిలో తమ హక్కు పోయిందని, గోడ మళ్లీ కట్టించాలని కోర్టుకెక్కారు. అప్పట్లో చిత్తూరు జిల్లాకూ పై కోర్టయిన మద్రాసు హైకోర్టు దాకా ఆ తగాదా వెళ్లింది. మైకేల్ పిళ్లై, బిషప్ బార్తె మీద నడిపిన ఆ వ్యాజ్యంలో, క్రైస్తవులయ్యాక కులం పేరుతో గుడిలో వేరు చోటు అడిగే హక్కు లేదని కోర్టు తేల్చింది. ఆ ఫిర్యాదులోనూ సంతకాలున్నాయి, సంఘపెద్దలున్నారు, ‘మా గోడు వినరా’ అన్న మాటలున్నాయి. రాయలసీమ విచారణల్లోనూ దళిత గురువు వస్తే ప్రసంగం బాగులేదని, మర్యాద తెలియదని మొదలయ్యే గుసగుసల వెనక ఒక్కోసారి ఆ పాత గోడే ఉంటుంది. అర్జీ చదివేవాడు అందులోని మాటలనే కాక, ఎవరు సంతకం చేయలేదో కూడా చూడాలి.

దారి మూసుకుపోయిన చోట గోడు ఎటు పొర్లుతుందో ఈ మేత్రాసనమే చూసింది. 2016 ఏప్రిల్‌లో అప్పటి కడప పీఠాధిపతిని దారికాచి ఎత్తుకుపోయి, కొట్టి వదిలారు. అరెస్టయినవారిలో గురువులు కూడా ఉన్నారు. 2018లో ఆయన మీద కొందరు విశ్వాసులు బాహాటంగా ఆరోపణలు చేశారు. ఆ ఏడాది డిసెంబరులో ఆయన రాజీనామాను పోప్ ఆమోదించారు. ఆరోపణల నిజానిజాలు ఇక్కడ తేల్చేవి కావు. కానీ ఉపవిచారణలో నెలకొక్క పూజ కోసం ఎదురుచూసే ముసలమ్మ ఆ రెండు సందర్భాల్లోనూ ఎక్కడా లేదు. 1704 నాటి వరసే ఇది. అమెరికాలో 2002లో బోస్టన్ విశ్వాసులు పిల్లల మీద అత్యాచారాలను దాచిన తీరుకు కడుపు మండి ‘వాయిస్ ఆఫ్ ది ఫెయిత్‌ఫుల్’ అని ఒక సంఘం పెట్టుకున్నప్పుడు, కొన్ని మేత్రాసనాలు వారిని గుడి ఆవరణలో కూర్చోనివ్వలేదు. అక్కడివారికి అద్దెకు హాలు దొరికింది. పల్లె విశ్వాసికి గుడి తప్ప కూడే చోటు లేదు.

దాడి, బాహాటపు ఆరోపణ కాక, ఎక్కువమంది ఎన్నుకునే దారి మూడోది: చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం. ఫాదర్‌తో మాట పడని కుటుంబం రెండు ఆదివారాలు ఇంట్లో ఉంటుంది, మూడో ఆదివారం పక్క వీధి ప్రార్థనా మందిరంలో కనిపిస్తుంది. ఆ పాస్టరు ఇంటికొస్తాడు, జ్వరం వస్తే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాడు. సిద్ధాంతం మారి వెళ్లినవాళ్లు తక్కువ. గడప తొక్కిన మనిషి కోసం వెళ్లినవాళ్లే ఎక్కువ. మేత్రాసనం లెక్కల పుస్తకంలో వాళ్ల పేర్లు మాత్రం అలాగే ఉంటాయి.

రోమాలో 2024 అక్టోబరులో ముగిసిన బిషప్పుల సభ (సినడ్), విచారణ మండళ్లను తప్పనిసరి చేయాలని తన ముగింపు పత్రంలో కోరింది. ఆ కోరిక చట్టంగా మారి పుంగనూరు దాకా రావడానికి ఎన్నేళ్లయినా పట్టవచ్చు. అంతదాకా చేతిలో ఉన్న చట్టంతోనే పని జరగాలి. అందులో పనికొచ్చేవి లేకపోలేదు. 1741వ సూత్రం విచారణ గురువును తొలగించే కారణాలు చెబుతుంది: శ్రీసభ ఐక్యతకు పెద్ద నష్టం చేసే తీరు, చేతకానితనం లేదా మానని జబ్బు, నిజాయితీపరులైన విశ్వాసుల్లో మంచిపేరు పోవడం లేదా తొందరలో తగ్గని విముఖత, హెచ్చరించాక కూడా విధులు పట్టించుకోకపోవడం, ఆస్తుల నిర్వహణ పాడుచేయడం. గురువు పెద్ద తప్పేమీ లేకపోయినా తొలగించవచ్చని దాని ముందు సూత్రం అంటుంది. అంటే అది శిక్ష కాదు, విచారణ మేలు కోసం చేసే ఏర్పాటు. మామూలుగా జరిగేది ఇవేవీ కాదు, బదిలీ. ఒక ఊరి తలనొప్పి ఇంకో ఊరికి పోతుంది, కొత్త ఊరివాళ్లకు పాత ఊరి కథ ఎవరూ చెప్పరు.

అర్జీ ఎలా రాయాలన్నది కూడా చట్టంలో ఉన్న సంగతే. 1987లో రోమా ఇచ్చిన వివరణ ప్రకారం, చట్టబద్ధ వ్యక్తిత్వం లేని విశ్వాసుల గుంపు ‘సంఘం’ పేరుతో పై అధికారికి అప్పీలు చేయలేదు. కానీ నిజంగా నష్టపోయిన విశ్వాసులు ఎవరి పేరున వారు, విడిగా గానీ కలిసి గానీ చేయవచ్చు. ‘ఇట్లు, గ్రామ కథోలికులు’ అని రాసి కింద వంద వేలిముద్రలు వేసిన కాగితం కంటే, ముగ్గురు తమ పేర్లతో, ఏ ఆదివారం పూజ జరగలేదో, ఏ రోగి దగ్గరికి రాలేదో, ఏ పండుగ లెక్క చెప్పలేదో తారీఖులతో రాసిన కాగితానికి బరువెక్కువ. నిర్ణయం కోరుతూ చట్టప్రకారం పెట్టిన అర్జీకి మూడు నెలల్లో జవాబు రావాలని 57వ సూత్రం. రాకపోతే కాదన్నట్టే లెక్క, అప్పుడు పై అధికారికి వెళ్లే దారి తెరుచుకుంటుంది. ఆ మూడు నెలలు అర్జీ రాసిన రోజు నుంచి కాదు, అది బిషప్ చేతికి అందిన రోజు నుంచి నడుస్తాయి. కడప దాకా వెళ్లినవారు నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోకుండా బస్సు ఎక్కరాదు.